తురుంఖాన్ ఎవరు?

గత సంవత్సరం వార్షికోత్సవాల సందర్భంగా మా తెలుగు శాఖ పక్షాన వక్తృత్వపు పోటీ నిర్వహించాము. పాల్గొనదలచిన వారు పేర్లు ఇవ్వవలసిందిగా తరగతిలో ప్రకటించగా, ఉర్దూ మాధ్యమంలో చదువుతున్న బి.ఏ. రెండవ సంవత్సరపు విద్యార్థి ఒకడు లేచి, తాను తెలుగులో మాట్లాడతానన్నాడు. అతని నోట తెలుగు ఇంకా తడబడుతూనే ఉన్నది. ఆ సంగతి అతనికీ తెలుసు, మాకూ తెలుసు. అంతలో వెనుక వరుస నుండి ఒక గొంతు వినిపించింది: "ఏంరా, నువ్వేమన్న పెద్ద తురుంఖాన్‌వా?" తరగతి అంతా గొల్లుమన్నది. ఆ కుర్రవాడు కూడా నవ్వాడు. నవ్వి కూర్చున్నాడు. పేరు మాత్రం ఇవ్వలేదు.

నవ్వులు సద్దుమణిగిన పిమ్మట మేమొక ప్రశ్న వేశాము: "ఇంతకూ తురుంఖాన్ అంటే ఎవరు?" ఒకరు పూర్వకాలపు పహిల్వాను అన్నారు. ఒకరు ఏదో పాత సినిమాలోని పాత్ర అన్నారు. మరొకరు, "అటువంటి మనిషి ఎవరూ లేరు సార్, ఊరికే అనే మాట" అని తేల్చివేశారు. అన్నవానికీ తెలియదు, పడ్డవానికీ తెలియదు, నవ్వినవారికీ తెలియదు. మేము సమాధానం చెప్పబోయేంతలో గంట మ్రోగింది. ఆనాడు తరగతికి బాకీపడిన ఆ సమాధానాన్ని ఈ వ్యాసరూపంలో చెల్లించుకుంటున్నాము.

ముందుగా మాట వాడుకను పరిశీలిద్దాము. తెలంగాణ తెలుగులో తురుంఖాన్, దక్కనీ ఉర్దూలో తుర్రం ఖాన్ అని ఈ మాట వినిపిస్తుంది. ఇది పుస్తక భాషకు చెందినది కాదు. హోటలు బల్లల వద్ద, ఆటస్థలాలలో, బస్సు నిలిచే చోట్ల, ఇళ్ళ ముంగిళ్ళలో పలికే మాట. అయినా దాని ప్రయోగంలో ఒక క్రమం ఉన్నది. శ్రద్ధగా వింటే నాలుగు విధాలు స్పష్టంగా కనిపిస్తాయి.

మొదటిది ప్రశ్న. "నువ్వేమన్న తురుంఖాన్‌వా?" అనిగాని, "క్యా బడా తుర్రం ఖాన్ హై క్యా?" అనిగాని అడుగుతారు. ఎదుటివాని సాహసాన్ని తగ్గించడమే ఇక్కడి ఉద్దేశం. రెండవది మినహాయింపు లేదని చెప్పడం. "ఎంత తురుంఖానైనా పరీక్ష ఫీజు కట్టవలసిందే" అన్నప్పుడు ఆ పేరు గొప్పతనానికి పై హద్దుగా నిలుస్తుంది. మూడవది వినయం. "నేనేం తురుంఖాన్‌ను కాదుగాని, చేతనైనంత చేస్తాను" అని పనికి పూనుకునేవారు అంటారు. నాలుగవది సూటియైన మెచ్చుకోలు. "లెక్కల్లో వాడు తురుంఖాన్" అన్నప్పుడు అందులో ఎగతాళి లేదు. ఒకవేళ ఉన్నా, అది ప్రేమకు తోడుగా వచ్చే చిరునవ్వు మాత్రమే.

ఈ నాలుగింటిలోనూ సమానమైన అంశం ఒకటి ఉన్నది. ఎక్కడా తురుంఖాన్ చిన్నవాడు కాలేదు. ప్రశ్న రూపంలో నవ్వు ఎవరి మీద? తనను అతనితో పోల్చుకోబోయిన వాని మీద. అంతేగాని తురుంఖాన్ మీద కాదు. తెలుగువారు "నువ్వేమైనా హరిశ్చంద్రుడివా?" అని అడిగినపుడు హరిశ్చంద్రుని సత్యనిష్ఠకు లోటు రాదు గదా! పైగా ఆయన సత్యానికి కొలబద్ద అని అందరూ ఒప్పుకున్నట్లే అవుతుంది. ఇదియు అటువంటిదే. ఎగతాళి చేసేవాడు కూడా తనకు తెలియకుండానే ఆ పేరుకు నమస్కరిస్తున్నాడు.

ఉర్దూలో ఇటువంటి పేర్లు మరికొన్ని కలవు. బలశాలిని రుస్తుం అంటారు. అది పారశీక వీరగాథలలోని యోధుని పేరు. తెలివి ఎక్కువగా ప్రదర్శించేవానిని అఫ్లాతూన్ అని ఆటపట్టిస్తారు. అది గ్రీకు తత్త్వవేత్త ప్లేటోకు అరబ్బులు పెట్టిన పేరు. ఎక్కడి ఏథెన్సు, ఎక్కడి చార్మినారు! మరొకటి తీస్‌మార్ ఖాన్. 'తీస్' అనగా ముప్పై. ముప్పదిమందిని చంపిన వీరుడనని చెప్పుకునేవాడు నిజానికి చంపినవి ఈగలేనని జనం నవ్వుకుంటారు. ఇక్కడ ఖాన్‌సాహెబే హాస్యాస్పదుడు. చాలామంది తురుంఖాన్‌ను, తీస్‌మార్ ఖాన్‌ను ఒకే గాట కడతారు. అది పొరపాటు. ఒకడు కల్పిత ప్రగల్భి. మరొకడు నిజంగా ఈ నేల మీద నడిచినవాడు.

మెచ్చుకోలు ఎగతాళి వేషం ఎందుకు వేసుకుంటుందని విద్యార్థులు అడగవచ్చును. దీనికి సమాధానం మన ఇళ్ళలోనే దొరుకుతుంది. తప్పటడుగులు వేస్తున్న పసివానిని చూసి తల్లి, "అబ్బో, మా తురుంఖాన్ బయలుదేరాడు!" అంటుంది. ఎంత బాగా నడుస్తున్నాడో అని నేరుగా అనదు. అంటే దిష్టి తగులుతుందని భయం. ముస్లిం ఇళ్ళలో దానినే నజర్ అంటారు. పొగడ్త నోట రాగానే మాషా అల్లాహ్ అని చేర్చడం మన అలవాటు. హిందువుల ఇళ్ళలో బుగ్గన చుక్క పెడతారు. ముద్దొచ్చే బిడ్డకు నల్లచుక్క ఎటువంటిదో, మెచ్చుకునే మాటకు ఈ ఎగతాళి అటువంటిది. ప్రేమను కాపాడుకోవడానికి పెట్టిన చుక్క అది.

ఇక మాట పుట్టుక సంగతి. తలపాగాకు ముందు భాగాన ఠీవిగా నిలబెట్టే కుచ్చును ఉర్దూలో తుర్రా అంటారు. ఇది తెలుగులోకి వచ్చి తురాయి అయినది. కొమ్మల కొసలన ఎర్రని పూలగుత్తులు నిలిపే చెట్టును మనము తురాయి చెట్టు అనడం ఈ పోలిక వల్లనే. తలపై ధరించే ఈకల ఆభరణానికి కల్గీ అని మరొక పేరున్నది. కల్గీయును తుర్రాయును కలిసి తెలుగున కలికితురాయి అయినాయి. ఏ సంస్థ వార్షిక నివేదికను చూచినా, "కీర్తి కిరీటంలో మరొక కలికితురాయి" అనే వాక్యం కనిపించక మానదు. మా కళాశాల నివేదికలు కూడా ఇందుకు మినహాయింపు కావని కమిటీ పెద్దలకు సవినయంగా మనవి చేస్తున్నాము.

ఆ తుర్రాయే తుర్రెబాజ్ ఖాన్ అనే పేరులోనూ ఉన్నది. తుర్రెబాజ్ ఖానే జనం నోట నలిగి తుర్రం ఖాన్ అయినాడనీ, తెలుగువారి నోట తురుంఖాన్ అయినాడనీ హైదరాబాదు పెద్దలు తరతరాలుగా చెబుతూ వచ్చారు. నివేదికలోని గంభీరమైన కలికితురాయి, వెనుక బెంచీలోని కొంటె తురుంఖాన్ ఒకే తలపాగా నుండి రాలిన మాటలన్నమాట! ఉర్దూ వేరు, తెలుగు వేరు అని గిరిగీసుకుని కూర్చున్న విద్యార్థులు ఈ సంగతిని కొంచెం ఆలోచించవలెను.

మరి ఆ తుర్రెబాజ్ ఖాన్ ఎవరు? ఇందుకు మనము 1857వ సంవత్సరానికి వెళ్ళవలెను. ఆ ఏడు మే 10న మీరట్‌లో సిపాయిలు తిరుగబడ్డారు. ఆ నెలలోనే హైదరాబాదులో నాలుగవ నిజాము నాసిరుద్దౌలా మరణించగా, అఫ్జలుద్దౌలా గద్దెనెక్కాడు. మొదటి సాలార్‌జంగ్ దివానుగా ఉన్నాడు. కోఠీలోని రెసిడెన్సీ భవనంలో కంపెనీ ప్రతినిధిగా కర్నల్ డేవిడ్సన్ ఉన్నాడు. నిజాము ప్రభుత్వం బ్రిటిషువారి పక్షం వహించింది. నగర ప్రజలలో మాత్రం అలజడి పెరుగుతూనే ఉన్నది.

ఆ దినాలలో ఔరంగాబాదు వైపు సైనిక దళాలలో తిరుగుబాటు చెలరేగింది. అందులో పాల్గొన్న జమేదారు చీదా ఖాన్ కొందరు సిపాయిలతో హైదరాబాదు చేరుకున్నాడు. ఆశ్రయం లభిస్తుందని అతడు వచ్చాడు. ప్రభుత్వం అతనిని పట్టి రెసిడెన్సీకి అప్పగించింది. ఈ వార్త నగరంలో నిప్పు రాజేసింది. ఆశ్రయం కోరి వచ్చినవానిని శత్రువుకు ఒప్పజెప్పుటకన్న అవమానం లేదని జనం భావించారు. బందీలను విడిపించవలెనన్న మాట మసీదులలో, వీధులలో వినిపించసాగింది.

1857 జూలై 17, శుక్రవారం. ఆ సాయంత్రం సుమారు ఐదువందలమంది, అందులో అధికులు రోహిల్లాలు, రెసిడెన్సీ వైపు కదిలారు. వారికి నాయకులు ఇద్దరు. ఒకరు మౌల్వీ అలాఉద్దీన్. రెండవవారు తుర్రెబాజ్ ఖాన్. ఒకరిది విద్వాంసుని వాక్కు, మరొకరిది యోధుని చేయి. రెసిడెన్సీ ఎదుట అబ్బన్ సాహెబ్, జైగోపాల్ దాస్ అనే ఇద్దరి ఇళ్ళు ఉండేవి. తిరుగుబాటుదారులు ఆ రెండు ఇళ్ళను స్థావరాలుగా చేసుకుని కాల్పులు సాగించారు. ఒకటి ముస్లిం ఇల్లు, ఒకటి హిందువు ఇల్లు. ఆ రాత్రి రెండింటి గోడలూ ఒకే పోరాటానికి అండగా నిలిచాయి.

అయితే దాడి సంగతి దివాను ద్వారా రెసిడెంటుకు ముందే తెలిసింది. లోపల ఫిరంగులు సిద్ధంగా ఉన్నాయి. శిక్షణ పొందిన సైన్యం ఎదుట ఆ చిన్న గుంపు ఎంతసేపు నిలువగలదు? రాత్రంతా కాల్పులు సాగిన తరువాత, తెల్లవారేసరికి వారు వెనుదిరుగక తప్పలేదు. చీదా ఖాన్ విడుదల కాలేదు. రెసిడెన్సీ పడిపోలేదు. లెక్క ప్రకారం చూస్తే అది పరాజయమే.

తుర్రెబాజ్ ఖాన్ కొద్ది దినాలలోనే పట్టుబడ్డాడు. విచారణలో తోడివారి ఆచూకీ చెప్పలేదని ప్రతీతి. అతనికి యావజ్జీవ ద్వీపాంతరవాస శిక్ష పడింది. అండమానుకు పంపక ముందే, 1859 జనవరిలో అతడు చెర నుండి తప్పించుకున్నాడు. పట్టి ఇచ్చినవారికి ఐదువేల రూపాయల బహుమానం ప్రకటించారు. ఆ నెల 24వ తేదీన తూప్రాన్ సమీపపు అడవిలో, అక్కడి తాలూక్‌దారు మీర్జా ఖుర్బాన్ అలీ బేగ్ మనుషుల చేతిలో అతడు హతుడైనాడు. పగ అంతటితో ఆగలేదు. మృతదేహాన్ని నగరానికి తెచ్చి, జనం చూచి భయపడేటట్లు బహిరంగంగా వ్రేలాడదీశారు. మౌల్వీ అలాఉద్దీన్ కూడా పట్టుబడి అండమాను చేరాడు. దశాబ్దాల తరబడి కాలాపానీ శిక్ష అనుభవించి, తిరిగి దక్కను నేల చూడకుండానే అక్కడ కన్నుమూశాడు.

మృతదేహాన్ని వ్రేలాడదీయడంలోని ఉద్దేశం స్పష్టమే. ఈ పేరు ఇకపై ఎవరూ ఎత్తరాదని. అయితే జనం ఏమి చేశారు? ఆ పేరును రోజూ ఎత్తారు. నవ్వుతూ ఎత్తారు. ఇక్కడ మేము చెప్పేది మా ఊహ మాత్రమే. శిక్షపడిన తిరుగుబాటుదారును బాహాటంగా పొగడడం ప్రాణాపాయం. కాని, దుడుకు పిల్లవానిని చూచి "వీడొక తుర్రం ఖాన్!" అంటే ఏ కొత్వాలు పట్టుకోగలడు? పొగడ్తకు ఎగతాళి ముసుగు వేసి జనం ఆ పేరును దాచుకున్నారేమో! కాలం గడిచిన కొద్దీ ముసుగే మిగిలి, ముఖం మరుగునపడింది. పేరు నిలిచింది, మనిషి పోయాడు.

పూర్తిగా పోలేదు లెండి. కోఠీలో తుర్రెబాజ్ ఖాన్ పేరిట ఒక రోడ్డు కలదు. దాని మీదుగా నిత్యం వేలాదిమంది పుస్తకాల కోసం, మందుల కోసం, బస్సుల కోసం వెళ్తుంటారు. ఇక ఆ రెసిడెన్సీ భవనం సంగతి మరీ విశేషం. 1949 నుండి అందులో ఆడపిల్లల కళాశాల నడిచింది. 2022లో అది తెలంగాణ మహిళా విశ్వవిద్యాలయమైనది. 2024లో దానికి చాకలి ఐలమ్మ పేరు పెట్టారు. దొరల ఎదుట తన పంటను కాపాడుకొని నిలిచిన రజక స్త్రీ ఆమె. ఫిరంగులతో కాపాడుకున్న ఆ ప్రాంగణంలోకి ఈనాడు మన చెల్లెళ్ళు పుస్తకాలు పట్టుకొని నడుస్తున్నారు. ఐదువందలమంది తెరువలేని తలుపు వారికి తెరచుకున్నది.

ఈ మాటతో మాకు సొంత సంబంధం కూడా కలదు. మేము ఎమ్.ఏ.లో తెలుగు చదువదలచినపుడు దగ్గరి బంధువొకరు, "అంతమంది పండితుల నడుమ నువ్వేం తుర్రం ఖాన్ అవుతావు?" అన్నారు. విశ్వవిద్యాలయంలో చేరిన తొలి వారంలో, ఛందస్సు తరగతిలో మేము గణాలు విభజించడానికి లేవగా, ప్రక్కనున్న సహాధ్యాయి అదే మాటను తెలుగులో అన్నాడు. ఇంట ఉర్దూలో, బయట తెలుగులో రెండు వైపుల నుండి ఒకే పేరుతో మమ్ము కూర్చోబెట్టజూశారు. అప్పటికి ఆ పేరు వెనుక మనిషి మాకూ తెలియదు. తెలిసి ఉంటే బహుశా వారికి కృతజ్ఞతలు చెప్పి ఉండేవారము.

మరొక సంగతి దాచడం న్యాయం కాదు. అధ్యాపకులమైన కొత్తలో ఒకనాడు నల్లబల్లపై ఒక సంధిని తప్పుగా విడదీశాము. ఒక విద్యార్థి లేచి, "సార్, అది అట్లా కాదేమో" అన్నాడు. మాకు కోపం వచ్చింది. "పెద్ద తురుంఖాన్ బయలుదేరాడు, కూర్చో" అన్నాము. తరగతి నవ్వింది. ఇంటికి వెళ్ళి వ్యాకరణం తిరగవేయగా అతడు చెప్పినదే ఒప్పు. మరునాడు సంధిని సరిదిద్దాము గాని, ఆ పిల్లవాడు ఆ ఏడాది మరి లేవలేదు. సంధి తప్పును దిద్దడం సులభం. అటువంటి మాటను దిద్దడం అంత సులభం కాదు. ఆనాడు మేము అన్నది ఎంత గొప్ప మాటో తెలియక, దానిని ఎంత చిన్న పనికి వాడామో తరువాత తెలిసింది.

అందుచేత ప్రియ విద్యార్థులారా, ఈ మాటను మానివేయమని మేము చెప్పడం లేదు. మానవద్దనే చెబుతున్నాము. అది మన ఊరి మాట, రెండు భాషల ఉమ్మడి ఆస్తి. అయితే నిలబడిన వానిని కూర్చోబెట్టడానికి దానిని వాడకండి. ఆ పేరు గలవాడు ఎవరినీ కూర్చోబెట్టలేదు. చెరలో ఉన్నవారిని విడిపించడానికి లేచాడు. ఎవరైనా భయపడుతూనే లేచినపుడు, ఓడిపోతానని తెలిసి కూడా పేరు ఇచ్చినపుడు ఆ మాట అనండి. అప్పుడది సరియైన స్థానంలో పడుతుంది.

మొదట చెప్పిన విద్యార్థి సంగతి మిగిలిపోయింది. మరునాటి విరామ సమయంలో అతడు మా గదికి వచ్చి, "సార్, ఆ తురుంఖాన్ ఎవరో చెబుతామన్నారు" అని అడిగాడు. ఇక్కడ వ్రాసినదంతా అతనికి చెప్పాము. అంతా విని, "ఆఖరుకు ఆయన గెలిచాడా సార్?" అన్నాడు. "లేదు, ఓడిపోయాడు" అన్నాము. కొంతసేపు మౌనంగా నిలుచుని, పోటీ జాబితాలో తన పేరు వ్రాయమన్నాడు.

పోటీనాడు అతడు నడుమ మాట మరచిపోయి ఆగాడు. మొదటి నుండి మళ్ళీ అందుకున్నాడు. ఒత్తులు జారాయి, విభక్తులు తారుమారైనాయి. బహుమానం రాలేదు. కాని చెప్పదలచినది పూర్తిగా చెప్పి, సభకు సలాము చేసి వేదిక దిగాడు. అప్పుడు వెనుక వరుస నుండి పాత గొంతే మళ్ళీ వినిపించింది: "తురుంఖాన్!"

ఈసారి ఆ మాటలో ప్రశ్న లేదు.